ముక్కాలి నడక

(ప్రవేశిక: ప్రమాదంవల్లనో వ్యాధివల్లనో ఒక కాలు కోల్పోయిన శునకం ఎట్లా కోలుకొంటుందో, ఆ కాలంలో మనిషి దానికి ఏ విధంగా తోడ్పడగలడో ఈ పాఠం వివరిస్తుంది. కర్నూలు, కడప ప్రాంతాల నేల, ఎండ, ఇళ్ల కట్టడం ఈ వివరణకు నేపథ్యం.)

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచినది ఒక కుక్క. ద్రౌపది, తమ్ములు నలుగురు దారిలో ఒక్కొక్కరే ఒరిగిపోయారు. కుక్క మాత్రం వెనుదిరగలేదు. దానిని విడిచి స్వర్గానికి రానని ఆ రాజు ఇంద్రునితో వాదించాడు. ఆ కుక్క యమధర్మరాజు ధరించిన మారురూపమని తరువాత తేలింది గనుక కథ సుఖాంతమయింది. మన వీధిలోని కుక్క ఏ దేవతకూ మారురూపం కాదు. లారీ చక్రం క్రింద కాలు నలిగి, దారి ప్రక్కన పడి మూలుగుతున్న ప్రాణి చివరిదాకా కుక్కగానే ఉంటుంది. ధర్మరాజుకు ఎదురైన పరీక్ష కన్నా మనకు ఎదురయ్యే పరీక్షే ఒక విధంగా కఠినమైనది.

కర్నూలు, కడప మెట్టప్రాంతాలలో కుక్క అలంకారం కోసం పెంచే జంతువు కాదు, పనిచేసే జీవి. గొర్రెల మంద వెంట కాపరితోపాటు ఎండలో నడుస్తుంది. రాత్రి మంద పడుకొన్నచోట మేలుకొని, తోడేలు అలికిడి వినబడితే మొరిగి లేపుతుంది. శనగచేనికీ వేరుశనగ చేనికీ అడవిపంది రాకుండా కాపుంటుంది. ఇట్లా పనితో ముడిపడిన జీవికి కాలు పోతే, ఇంటివారి నోట వెలువడే మొదటి మాట ‘ఇంక ఇది ఎందుకు పనికివస్తుంది?’ అన్నదే. ఈ మాటలో క్రూరత్వం కన్నా తెలియనితనమే ఎక్కువ. మూడుకాళ్ల కుక్క ఎట్లా బ్రతుకుతుందో చూడనివారు, అది బ్రతకలేదనే అనుకొంటారు.

కాలు పోవడానికి కారణాలలో రహదారి ప్రమాదమే తరచుగా కనబడేది. హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే 44వ జాతీయ రహదారి కర్నూలు, డోన్ మీదుగా సాగుతుంది. కర్నూలు నుండి నంద్యాల మీదుగా కడపకు 40వ జాతీయ రహదారి ఉన్నది. రాత్రింబగళ్లు లారీలు తిరిగే ఈ దారులను ఊరికుక్కలు, మందకుక్కలు దాటక తప్పదు. ఎముక ముక్కలు ముక్కలుగా నలిగినా, రక్తప్రసరణ ఆగి కాలు కుళ్లినా వైద్యుడు కాలు తీసివేయడమే మేలని చెప్పవచ్చు. ఎముకకు క్యాన్సర్ వచ్చినప్పుడూ ఇదే మార్గం. మరొక సందర్భం ఉన్నది. వాహనం తగిలిన విసురుకు భుజం దగ్గరి నరాలు తెగిపోతాయి. ఎముక విరగదు, కాలు చూడడానికి నిండుగానే ఉంటుంది. కాని అందులో స్పర్శ ఉండదు. కుక్క దానిని నేలమీద ఈడ్చుకొంటూ తిరుగుతుంది. పాదం పైభాగం రాచుకుపోయి పుండు పడుతుంది. ఈగలు వాలుతాయి, పురుగులు పడతాయి. చచ్చిన కాలును మోయడం మూడు కాళ్లతో నడవడం కన్నా కష్టమన్న సంగతి అప్పుడు గాని యజమానికి అర్థం కాదు.

‘కాలు తీయించి దీనికి అవిటితనం తెచ్చిపెట్టడం కన్నా ఇట్లాగే వదిలివేయడం నయం’ అని వెనుకాడేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. అమెరికాలో కాలు తొలగించిన 64 కుక్కల యజమానులను అడిగి, పశువైద్యులు 2015లో ఒక పరిశీలనను ప్రచురించారు. తమ కుక్క స్వభావంలో మార్పు రాలేదని 58 మంది చెప్పారు. మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే నిర్ణయం తీసుకొంటామన్నవారు 55 మంది. మిగిలినవారిని మరచిపోరాదు. ప్రతి కుక్కకూ ఈ చికిత్స తగదు. మిక్కిలి బరువైన కుక్కకు, మిగిలిన కాళ్ల కీళ్లు అరిగిపోయిన ముసలి కుక్కకు, వెన్నెముక దెబ్బతిన్నదానికి మూడు కాళ్ల బ్రతుకు బాధాకరం కావచ్చు. అందువల్లనే మంచి వైద్యుడు పోయిన కాలిని ఒకసారి చూస్తే, ఉన్న మూడు కాళ్లను మూడుసార్లు చూస్తాడు.

కుక్క నిలబడి ఉన్నప్పుడు దాని బరువులో సుమారు 60 శాతం ముందరికాళ్లమీద పడుతుంది. తల, మెడ, ఛాతీ అటువైపే ఉండడం దీనికి కారణం. కాబట్టి వెనుకకాలు పోయిన కుక్క కన్నా ముందరికాలు పోయిన కుక్కకు సర్దుకోవడం కష్టం. అయినా అది సర్దుకొంటుంది. మిగిలిన ముందరి పాదాన్ని మెల్లగా శరీరం మధ్యకు జరుపుకొని, ఆ ఒక్క కాలినే రెంటికీ బదులుగా వాడుకోవడం నేర్చుకొంటుంది. మన పెద్దల ఇళ్లలో ముక్కాలిపీట ఉండేది. ఎగుడుదిగుడు నేలమీద నాలుగు కాళ్ల పీట ఊగులాడుతుంది గాని ముక్కాలిపీట ఊగదు. కుక్క నిలకడలోని రహస్యం కొంతవరకు ఇదే. నిలబడినప్పుడు పీటకూ కుక్కకూ పోలిక కుదురుతుంది. నడిచేటప్పుడు కుదరదు. నడకలో ఒక కాలు ఎత్తగానే మిగిలేవి రెండే. అందుచేతనే మూడుకాళ్ల కుక్క మెల్లగా నడవడం కన్నా గెంతుతూ పరుగెత్తడం సులభంగా నేర్చుకొంటుంది. దాని నిదానపు నడక చూసి జాలిపడినవారు, పరుగు చూసి ఆశ్చర్యపోతారు.

గాయపడిన కుక్కను వైద్యునివద్దకు చేర్చడంలో తొందర ఎంత అవసరమో జాగ్రత్త కూడా అంతే అవసరం. బాధలో ఉన్న కుక్క తనను పెంచినవారినైనా కరుస్తుంది. మెత్తని గుడ్డపేలికతో మూతిని వదులుగా కట్టి, దుప్పటిమీదకో చెక్కపలకమీదకో జరిపి తీసుకొనిపోవాలి. ఊపిరాడక రొప్పుతున్నా, వాంతి చేసుకొంటున్నా మూతి కట్టరాదు. కరిస్తే ఆ చోటును సబ్బుతో పారేనీటిక్రింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక రేబిస్ నిరోధక టీకా వేయించుకోవాలి. గాయంమీద బూడిద, కిరోసిన్, వాడిన ఇంజన్ నూనె పోసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. వీటివల్ల గాయం మానదు సరికదా, బ్రతికి ఉన్న కండ కూడా చెడుతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి ఉంచడమే ప్రథమచికిత్స. తిరుపతిలో 2005లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం క్రింద కడప జిల్లా ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల నడుస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సంచార పశువైద్య వాహనాలు బయలుదేరాయి. వాటికోసం కేటాయించిన ఫోన్ సంఖ్య 1962.

శస్త్రచికిత్స తరువాత మొదటి రెండు మూడు రోజులు కుక్కకన్నా ఇంటివారికే కష్టం. మత్తు దిగుతున్నప్పుడు అది మూలుగుతుంది, తడబడుతుంది, లేచి నిలబడబోయి పడుతుంది. వెంట్రుకలు గొరిగిన ఒంటిమీద పొడవాటి కుట్లు, వాటిచుట్టూ కమిలిన చర్మం చూసి ‘అనవసరంగా ఈ పని చేయించామే’ అని యజమాని కుమిలిపోతాడు. ఈ దశ గడచిపోతుంది. చాలా కుక్కలు ఒకటి రెండు రోజులలోనే లేచి నాలుగడుగులు వేస్తాయి. కుట్లు విప్పడానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. అంతవరకు గాయాన్ని నాకకుండా మెడచుట్టూ గరాటు ఆకారంలో ఒక తొడుగు కట్టి ఉంచాలి. కుక్క నాలుకకు మందుగుణం ఉన్నదని చెప్పేవారి మాట వినరాదు. నాకిన కుట్లు ఊడిపోతాయి, గాయం చీము పడుతుంది. స్నానం చేయించరాదు. మిద్దెమెట్లు ఎక్కనీయరాదు. కాలకృత్యాలకు మాత్రం రోజుకు నాలుగైదుసార్లు బయటికి నడిపించాలి. ఆ నడకకు మన భుజంమీది కండువాయే మంచి ఊతం. వెనుకకాలు పోయినదానికి పొట్టక్రింద, ముందరికాలు పోయినదానికి ఛాతీక్రింద కండువాను ఉయ్యాలవలె పట్టి, సగం బరువు మనం మోయాలి. మొత్తం బరువు మోస్తే అది నడక నేర్చుకోదు. రోజురోజుకూ మన చేతి పట్టు సడలాలి.

నొప్పికి మందు వైద్యుడు ఇచ్చినదే వాడాలి. మనుషులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండాలను చెరచి ప్రాణం తీయగలవు. ఇంట్లో మిగిలిన మాత్రను దయతో వేసేవారే ఈ ప్రమాదానికి ఎక్కువగా కారకులు. కుక్క తన నొప్పిని దాచుకొంటుంది. ఏడవకపోయినంత మాత్రాన నొప్పి లేదనుకోరాదు. అన్నం ముట్టకపోవడం, ఒకచోట కుదురుగా పడుకోలేకపోవడం, ఎంతసేపూ రొప్పడం, ముట్టుకోబోతే ముడుచుకోవడం నొప్పికి గుర్తులు. కుట్లనుండి దుర్వాసనగల చీము కారినా, రక్తం ఆగకపోయినా, ఒక పగలూ ఒక రాత్రీ మూత్రం పోయకపోయినా వైద్యునికి వెంటనే చూపాలి.

ఇంటికి వచ్చిన కుక్కకు మన ప్రాంతంలో ఎదురయ్యే మొదటి ఆటంకం, మనం గొప్పగా చెప్పుకొనే నేలబండలే. కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు దేశమంతటా పేరుపొందాయి. మెరుగుపెట్టిన నల్లబండ అద్దంవలె నిగనిగలాడుతుంది. మనిషికి చల్లగా, అందంగా ఉండే ఆ నేల మూడుకాళ్ల కుక్కకు మంచుగడ్డతో సమానం. గోరు ఆనదు, పాదం నిలవదు. ఒకసారి జారి దెబ్బతగిలిన చోటున గాయం చిట్లవచ్చు. అంతకన్నా ముఖ్యం, అది భయపడుతుంది. భయపడిన కుక్క మూలకు చేరి నడకే మానుకొంటుంది. కాలు లేనందువల్ల నడవడం లేదని ఇంటివారు భ్రమపడతారు, నిజానికి నేల సరిగా లేనందువల్ల నడవడం లేదు. దీనికి ఖరీదైన ఉపాయం అక్కరలేదు. పడుకొనేచోటు నుండి గడపదాకా, నీళ్లతొట్టిదాకా గోనెపట్టాలు పరచి, కదలకుండా అంచులమీద బరువు పెడితే చాలు. పాదాల మెత్తల నడుమ పెరిగే వెంట్రుకలు కత్తిరించాలి. గోళ్లు పెరగనీయరాదు. ముందరికాలు పోయినదానికి తిండిగిన్నెను ఒక ఇటుకమీద ఎత్తుగా పెడితే, అది ముందుకు తూలిపడకుండా తింటుంది.

ఇక ఎండ. ఏనుగుమీదనైనా కుక్కమీదనైనా కాసే ఎండలో భేదం లేదన్న భావాన్ని కీర్తనలో పలికించిన తాళ్లపాక అన్నమాచార్యుడు ఈ కడపసీమలోనే పుట్టాడు. ఎండ సమానమే గాని దానిని తట్టుకొనే శక్తి సమానం కాదు. మనిషివలె కుక్క ఒళ్లంతా చెమటపట్టి చల్లబడలేదు. ముఖ్యంగా నాలుక చాచి రొప్పుతూనే వేడిని బయటికి పంపుతుంది. గెంతుతూ నడిచే కుక్క మామూలు కుక్కకన్నా త్వరగా అలసిపోతుంది, త్వరగా వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలలలో కర్నూలులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఆ రోజులలో ప్రొద్దు పొడవకముందు ఒకసారి, దీపాలవేళ దాటాక ఒకసారి నడిపించాలి. నేలమీద మన అరచేతి వెనుకభాగాన్ని ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేలమీద కుక్క పాదం పెట్టించరాదు. నాలుగు కాళ్ల కుక్క కాలిన పాదాన్ని ఎత్తిపట్టుకొని కుంటగలదు. మూడింటిలో ఒకటి కాలితే ఎత్తిపట్టుకోవడానికి వెసులుబాటు లేదు.

ముళ్లకూ ఇదే న్యాయం. పల్లేరుకాయ, సర్కారుతుమ్మ ముల్లు మన చేలగట్లన నిండి ఉంటాయి. మామూలు కుక్కకు ముల్లు ఒక చిన్న చికాకు. మూడుకాళ్ల కుక్కను మాత్రం ఒక్క పల్లేరుకాయ పూర్తిగా కూలవేయగలదు. సాయంత్రం ఇంటికి రాగానే మూడు పాదాలనూ చేతిలోకి తీసుకొని, వేళ్లసందులు వెదికి చూడడం దీనిని పెంచేవారికి నిత్యవిధి.

తిండి విషయంలో ఇంటివారి జాలే శత్రువవుతుంది. ‘పాపం, కాలు లేనిది’ అని ప్రతివారూ ఒక ముద్ద పెడతారు. కుక్క లావెక్కుతుంది. నాలుగు కాళ్లు మోయవలసిన బరువును మూడు కాళ్లు మోస్తున్నప్పుడు పెరిగిన ప్రతి కిలో కీళ్లమీదనే పడుతుంది. ప్రక్కటెముకలమీద చేయి వేస్తే అవి కంటికి కనబడకపోయినా వేలికి తగలాలి. అదే సరైన బరువుకు కొలత. గాయం మానేటప్పుడు మాంసకృత్తులు కావాలి. రాగిసంగటిలో ఉడికిన గుడ్డో, ఎముక తీసిన కోడిమాంసమో కలిపి పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను చెరుస్తాయి. సీమ కారం సంగతి చెప్పనక్కరలేదు. మనం తినే కూర కుక్కది కాదు.

కొన్ని ఇబ్బందులు దగ్గర ఉండి గమనించినవారికే తెలుస్తాయి. కుడి వెనుకకాలు లేని కుక్క తన కుడిచెవిని గోకుకోలేదు. దురద పుట్టగానే మిగిలిన మొండిభాగం గోకుతున్నట్లే టపటప కదులుతుంది. చెవి మాత్రం అందదు. ఆ వైపునే పిడుదులు చేరుతాయి, చెవిలో పుండు పడుతుంది. మనం రోజూ ఆ చెవిని తుడిచి, కొంతసేపు గోకితే దానికి కలిగే హాయి దాని కళ్లలోనే తెలుస్తుంది. లేని అవయవంలో నొప్పి అనిపించడం మనుషులలో ఎరిగినదే. కుక్కలలోనూ అట్లాంటి నరాలనొప్పి ఉండవచ్చని వైద్యులు భావిస్తారు. ఉన్నట్టుండి ఉలిక్కిపడి కాలులేనిచోటుకు తల తిప్పి చూసుకొంటే, కేకపెట్టి నాకుకొంటే దానిని ‘అలవాటు’ అని త్రోసివేయక వైద్యునితో చెప్పాలి. దీనికి వేరే మందులు ఉన్నాయి.

‘కృత్రిమపాదం పెట్టించలేమా?’ అన్నది తరచుగా వినబడే ప్రశ్న. 1968లో రూపొందిన జైపూర్ పాదం మనుషులను లక్షలాదిగా నడిపించింది. అదే జైపూర్ నగరంలో తపేశ్ మాథుర్ అనే పశువైద్యుడు పశువులకు ‘కృష్ణా లింబ్’ పేరుతో కృత్రిమావయవాలు తయారుచేశాడు. థాయ్‌లాండ్‌లో 2006లో మందుపాతరమీద కాలు వేసి పాదం కోల్పోయిన మోషా అనే ఏనుగుపిల్లకు అక్కడి వైద్యులు కృత్రిమపాదం అమర్చి, అది పెరిగేకొద్దీ మారుస్తూ వచ్చారు. ఆవుకు, ఏనుగుకు మూడు కాళ్ల బ్రతుకు దుర్భరం. కుక్కది తేలికైన శరీరం కాబట్టి అంత అవసరం రాదు. పైగా కృత్రిమపాదం తొడగడానికి కాలిలో కొంత భాగం మిగిలి ఉండాలి. సాధారణంగా కుక్కకు ముందరికాలిని భుజం వద్ద, వెనుకకాలిని తొడపైభాగాన తీసివేస్తారు. మొండి మిగిలితే అది నేలకు కొట్టుకొని పుండుపడుతుందని ఈ పద్ధతి. కాబట్టి కృత్రిమపాదం కోరేవారు శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి చెప్పాలి, తరువాత చెప్పి ఫలితం లేదు. రెండు వెనుకకాళ్లూ పోయినదానికి మాత్రం చిన్న చక్రాలబండి కట్టడం మంచి ఉపాయం. నీటిగొట్టాలు, పిల్లల సైకిలు చక్రాలు ఉంటే చేయి తిరిగిన పనివాడు దానిని ఊళ్లోనే తయారుచేయగలడు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. ప్రాణులపట్ల దయ చూపడం పౌరుని ప్రాథమిక విధి అని 1976 నాటి సవరణ ద్వారా రాజ్యాంగంలోని 51-ఎ అధికరణంలో చేరింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పెంచుకొన్న జంతువును అది ఆకలితోనో దప్పికతోనో బాధపడేటట్లు వదిలివేయడం నేరం. కాలు పోయిందని కుక్కను ఊరవతల దించి వచ్చేవారు ఈ మాట తెలిసి చేయరు.

మొదట అడిగిన ప్రశ్న మిగిలి ఉన్నది. మందకుక్క కాలు పోతే ఇంక దేనికి? రోజుకు మైళ్లకొద్దీ మంద వెంట నడవడం దానికి సాధ్యం కాదు. పంది వెంటబడి తరమడం తగదు. అయితే దాని ముక్కూ చెవీ ఎక్కడికీ పోలేదు. తోడేలు రాకను పసిగట్టేది అవే. కాపలాకు మెలకువ, గొంతు కావాలి. ఆ రెండింటికీ నాలుగో కాలుతో నిమిత్తం లేదు. పగలంతా వేపచెట్టు నీడన పడుకొన్న ముక్కాలి కుక్క, చీకటి పడ్డాక మంద ఇల్లు చేరే వేళకు గోనెపట్టామీదనుండి లేస్తుంది. గెంతుతూ దొడ్డివాకిలిదాకా వస్తుంది. లోపలికి పోయే ఒక్కొక్క గొర్రెను మునుపటివలెనే వాసన చూస్తుంది. చివరి గొర్రె లోపలికి వెళ్లాక వాకిలికి అడ్డంగా పడుకొంటుంది.

అర్థాలు

మెట్టప్రాంతం = వానమీద ఆధారపడి పంట పండే భూమి
అలికిడి = మెల్లని చప్పుడు
ఊతం = ఆధారం
మాంసకృత్తులు = శరీరానికి పుష్టినిచ్చే ఆహారపదార్థాలు
పిడుదు = పశువుల, కుక్కల ఒంటిని పట్టి రక్తం పీల్చే పురుగు
దుర్భరం = భరింప శక్యం కానిది
దొడ్డి = గొర్రెలను, పశువులను ఉంచే ఆవరణ

ప్రశ్నలు

1. కాలు కోల్పోయిన కుక్కకు కర్నూలు, కడప ప్రాంతాలలోని నేల, ఎండ కలిగించే ఇబ్బందులను, వాటిని తొలగించే ఉపాయాలను 20 పంక్తులలో వివరించండి.
2. ముందరికాలు పోయిన కుక్కకు, వెనుకకాలు పోయిన కుక్కకు గల భేదం ఏమిటి? ముక్కాలిపీట పోలిక ఎంతవరకు సరిపోతుంది?
3. ‘తిండి విషయంలో ఇంటివారి జాలే శత్రువవుతుంది.’ ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్రాయండి.
4. కృత్రిమపాదం గురించి శస్త్రచికిత్సకు ముందే ఎందుకు ఆలోచించాలి?
5. విడదీసి సంధి పేరు వ్రాయండి: కృత్రిమావయవాలు, సుఖాంతం, అన్నమాచార్యుడు.